చెరువు పక్క ప్లాటు: ఎన్‌ఓసీ సంగతి తర్వాత, ముందు మత్తడి చూడండి

ప్రశ్న: నమస్కారం సార్. మాది కాజీపేట. మావారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. 2016లో ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఊళ్లో 267 గజాల ప్లాటు కొన్నాం. నలభై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు. రిజిస్ట్రేషన్ అయింది. 2020లో ప్లాట్ల క్రమబద్ధీకరణ పథకం ఎల్‌ఆర్‌ఎస్‌కు వెయ్యి రూపాయలు కట్టిన రసీదు కూడా ఉంది. రిటైర్మెంట్ డబ్బులతో ఇల్లు కట్టుకుందామని ఇంజినీరును తీసుకెళ్లి చూపిస్తే, ప్లాటు వెనకాల చెరువు చూసి ‘ఇది ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండు మట్టంలో) గానీ బఫర్‌లో గానీ ఉంటుందమ్మా, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండా ప్లాన్ వెయ్యను’ అన్నాడు. మేం ఎండాకాలంలో చూసి కొన్నాం. అప్పుడు నీళ్లు ఎక్కడో దూరాన ఉండేవి. అమ్మినాయన ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. తెలిసినాయన ఒకరు రెండున్నర లక్షలిస్తే ఎన్‌ఓసీ తనే తెప్పిస్తానంటున్నాడు. మా అబ్బాయేమో ‘నాలుగడుగులు మొరం పోసి కట్టేద్దాం, పక్కన నాలుగిళ్లు లేవా’ అంటాడు. మావారు ఎవరికో ఒకరికి అమ్మేసి చేతులు దులుపుకుందామంటున్నారు. పేపర్లో వెట్‌ల్యాండ్ రూల్స్ అని కూడా ఏదో చదివాను. అవి మాకు వర్తిస్తాయా? మాఘంలో ముగ్గు పోయడానికి ముహూర్తం పెట్టించుకున్నాం. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కాజీపేట

సమాధానం: అమ్మా, ముందు ఆ రెండున్నర లక్షలు ఎవరికీ ఇవ్వకండి. ఈ ఉత్తరంలో మీరు అడిగిన వాటన్నిట్లో తొందరగా తేలాల్సింది ఇదొక్కటే. మిగతావన్నీ ఒక నెల ఆగినా మునిగేది లేదు.

ఎందుకంటున్నానో చెప్తాను. మీ ప్లాటు చెరువు హద్దుకూ, దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్‌కూ బయట ఉంటే, ఆ మాట కాగితం మీద రాసివ్వడానికి అధికారులకు అభ్యంతరం ఉండదు. మామూలు ఫీజు, కాస్త తిరుగుడు, అంతే. లోపల ఉంటే మాత్రం అక్కడ ఇల్లు కట్టుకోమని రాసిచ్చే అధికారం ఆ ఆఫీసుల్లో ఎవరికీ లేదు. అప్పుడు మీ తెలిసినాయన తెచ్చేది దొంగ కాగితమైనా కావాలి, తప్పుడు స్కెచ్ మీద తీసుకున్న కాగితమైనా కావాలి. రెండూ మీ పేరు మీదే ఉంటాయి. ఆయన పేరు ఎక్కడా ఉండదు. అందుకని ఎన్‌ఓసీ దొరుకుతుందా అన్న ప్రశ్న పక్కన పెట్టి, చెరువు హద్దు గీత ఎక్కడుందన్న ప్రశ్న పట్టుకోండి.

‘రిజిస్ట్రేషన్ అయింది కదా, చెరువు భూమైతే ఎలా అయింది?’ అని మీ ఇంట్లో ఇప్పటికే పదిసార్లు అనుకుని ఉంటారు. చాలామంది మోసపోయేది ఇక్కడే. రెవెన్యూ రికార్డుల్లో చెరువు శిఖంగా, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమిగా, సర్కారీ భూమిగా ఎక్కిన సర్వే నంబర్లు నిషేధిత జాబితాలో ఉంటాయి, వాటికి రిజిస్ట్రేషన్ ఆగుతుంది. కానీ చెరువు నిండినప్పుడు నీళ్లు శిఖం నంబరు దగ్గరే ఆగవు. దాన్ని ఆనుకుని ఉన్న పట్టా భూముల్లోకీ వస్తాయి. ఆ పట్టాదారు తాతల నుంచీ నీళ్లు దిగాక ఏదో ఒక పంట వేసుకుని బతికినవాడే, భూమి ఆయనదే, పట్టా నిజమే. శిఖం పట్టా అనే మాట మీరు విని ఉంటారు. అలాంటి భూమిని దున్నుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఇల్లు మాత్రం కట్టకూడదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు చూసేది ఎవరు ఎవరికి అమ్మారన్నదే. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో వాళ్లు చూడరు.

ఎల్‌ఆర్‌ఎస్ రసీదు గురించి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. వెయ్యి రూపాయలు దరఖాస్తు ఫీజు. మీ దగ్గరున్నది దరఖాస్తు పెట్టుకున్నారనడానికి రుజువు, ప్లాటు రెగ్యులరైజ్ అయిందనడానికి కాదు. రెగ్యులరైజ్ అయితే లెక్కగట్టిన చార్జీలు కట్టించుకుని ప్రొసీడింగ్స్ ఇస్తారు. చెరువు గర్భంలో, శిఖంలో ఉన్న ప్లాట్లను ఆ పథకంలో తీసుకోరని దాని నిబంధనల్లోనే ఉంది. మీ దరఖాస్తు ఏ దశలో ఆగిందో ఆన్‌లైన్‌లో చూడండి. కారణంగా ఏదైనా రాసి ఉంటే మీకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇక గీత సంగతి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండిన మట్టం. అది ఆఫీసులో ఎవరో మ్యాపు మీద ఇష్టమొచ్చినట్టు గీసింది కాదు. చెరువు కట్టకు ఒక పక్కన రాతితోనో సిమెంటుతోనో కట్టిన మత్తడి ఉంటుంది కదా, కొన్నిచోట్ల అలుగు అంటారు. నీళ్లు దాని పైఅంచు దాకా వచ్చాక దుంకడం మొదలుపెడతాయి. ఆ పైఅంచు ఎత్తు ఎంతో, అంతే ఎత్తులో చెరువు చుట్టూ నేలను కలుపుకుంటూ పోతే వచ్చే గీతే ఎఫ్‌టీఎల్. అంటే మీ ప్లాటు భవిష్యత్తు అర కిలోమీటరు అవతల ఉన్న ఒక గోడ ఎత్తును బట్టి ఉంటుంది. మీరు కొన్న రోజున నీళ్లు ఎక్కడున్నాయన్నదానికి ఇందులో లెక్క లేదు. ఏప్రిల్, మే నెలల్లో మన చెరువులు చాలా చోట్ల నెర్రెలు బారి కనిపిస్తాయి. ప్లాట్లు ఎక్కువగా చూపించేదీ అప్పుడే.

మన నేలలు వాలు తక్కువగా ఉండే నేలలు. నూటికి ఒకటి వాలు అనుకుందాం, అంటే వంద మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తు పెరుగుతుంది. అలాంటి చోట మత్తడి మట్టంలో ఒక్క అడుగు తేడా వస్తే నీటి అంచు ముప్పై మీటర్లు జరుగుతుంది. ముప్పై మీటర్లంటే దాదాపు వంద అడుగులు, మీ ప్లాటు పొడవుకు ఒకటిన్నర రెట్లకు పైనే. అందుకే కొన్నిచోట్ల వెంచర్లు వేసేవాళ్లు రాత్రికి రాత్రి మత్తడికి గండి కొట్టడం, తూము తెరిచి వదిలేయడం చేస్తుంటారు. నాలుగేళ్లు చెరువు నిండకపోతే చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని మైదానమే అనుకుంటారు. తర్వాత ఏదో ఒక ఏడు మత్తడి బాగుచేస్తారు, చెరువు నిండుతుంది, అప్పుడు ఇళ్లు నీళ్లలో తేలతాయి. మీరు ఒకసారి వెళ్లి మత్తడి దగ్గర నిలబడి చూడండి. పైరాళ్లు లేచిపోయి ఉన్నాయా, మధ్యలో కోసినట్టు ఖాళీ ఉందా, కొత్త సిమెంటు కనిపిస్తోందా? ఖాళీ ఉంటే, ఇప్పుడు నీళ్లు నిలిచిన చోటు అసలు అంచు కాదని అర్థం.

సర్వే అయ్యేలోపు మీరే చూసుకోగలిగినవి ఇంకొన్ని ఉన్నాయి. వీటిని ఏ ఆఫీసూ రుజువుగా తీసుకోదు, మీ మనసుకు ఒక స్పష్టత రావడానికి మాత్రం పనికొస్తాయి. ప్లాటు వెనక మూలలో మూడడుగుల గుంత తీయించండి. పైన పోసిన ఎర్ర మొరం కింద నల్లటి బంకమట్టి తగిలి, అందులో నత్తగుల్లలు, తుంగ వేళ్లు కనిపిస్తే అక్కడ నీళ్లు ఏళ్ల తరబడి నిలిచాయన్నమాట. చుట్టుపక్కల ‘ఎఫ్‌టీఎల్’ అని రాసిన సిమెంటు దిమ్మెలున్నాయేమో వెతకండి. పీకి పక్కన పడేసినవి కూడా కనిపించవచ్చు. ఆ ఊళ్లో చెరువు నీళ్లు వదిలే నీరటి కుటుంబం ఎవరో కనుక్కుని, ‘చెరువు మత్తడి పడ్డప్పుడు నీళ్లు ఎందాక వచ్చేవి’ అని అడగండి. ‘ఈ ప్లాటు మంచిదేనా’ అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. నీళ్ల గురించి అడిగితే చెట్టు చూపించి మరీ చెప్తారు. మీ అబ్బాయికి కంప్యూటర్ పని వచ్చి ఉంటుంది, గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల శాటిలైట్ ఫొటోలు ఉచితంగా చూడవచ్చు. వానలు బాగా పడ్డ ఏళ్లలో సెప్టెంబర్, అక్టోబర్ ఫొటోలు తీసి చూడమనండి. నాలుగడుగుల మొరం మాట అప్పుడు ఆయనే మళ్లీ ఎత్తడు.

ఇక కాగితాల మీద తేల్చుకునే పని. తహసీల్దార్ ఆఫీసు, సర్వే విభాగం నుంచి మీ సర్వే నంబరుకు గ్రామ నక్ష (ఊరి మ్యాపు), టిపాన్ (ఆ నంబరు కొలతల స్కెచ్) నకళ్లు తీసుకోండి. పాత పహాణీలు కూడా, ముఖ్యంగా 1954-55 నాటి ఖాస్రా పహాణీ. అందులో ఆ నంబరు ఎదురుగా శిఖం అనో, కుంట అనో, ముంపు అనో ఏమైనా రాసి ఉందేమో చూడాలి. అదే సమయంలో నీటిపారుదల శాఖ డివిజన్ ఆఫీసుకు సమాచార హక్కు చట్టం (ఆర్‌టీఐ) కింద దరఖాస్తు పెట్టండి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. ఊరికే ‘మా ప్లాటు ఎఫ్‌టీఎల్‌లో ఉందా’ అని రాయకండి, ‘పరిశీలించి చెప్తాం’ అని వదిలేస్తారు. ‘ఫలానా గ్రామంలోని ఫలానా చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు నకలు, మత్తడి మట్టం, ఎఫ్‌టీఎల్ విస్తీర్ణం, ఎఫ్‌టీఎల్ కిందికి వచ్చే సర్వే నంబర్ల జాబితా, ప్రాథమిక నోటిఫికేషన్ గానీ తుది నోటిఫికేషన్ గానీ ఇచ్చి ఉంటే వాటి నకళ్లు’ అని విడివిడిగా అడగండి. రికార్డు అడిగితే రికార్డు ఇవ్వాలి.

నోటిఫికేషన్ ఏ దశలో ఉందన్నది మీకు ముఖ్యం. ప్రాథమిక దశలోనే ఉంటే అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఉంటుంది. గీత తప్పుగా పడిందని మీకు అనిపిస్తే, పైన చెప్పిన నకళ్లతో పాటు లెవెల్స్ (నేల ఎత్తులు) తీయించిన రిపోర్టు జత చేసి రాతపూర్వకంగా ఇవ్వండి. తుది నోటిఫికేషన్ అయిపోయి ఉంటే దారి కష్టం, హైకోర్టుకే వెళ్లాల్సి వస్తుంది. అది కూడా గీత నిజంగా తప్పని చూపగలిగినప్పుడే.

ఆ తర్వాత నీటిపారుదల, రెవెన్యూ శాఖలు కలిసి చేసే జాయింట్ సర్వేకు దరఖాస్తు. సర్వే రోజు మీరు గానీ మీవారు గానీ తప్పకుండా దగ్గర ఉండండి. మత్తడి మీద లెవెల్ తీసుకున్నారా, లేక దారి పక్క ఏదో రాయి నుంచి మొదలుపెట్టారా గమనించండి. మీ ప్లాటు నాలుగు మూలల లెవెల్స్, అక్కడి నుంచి ఎఫ్‌టీఎల్ గీతకు ఎన్ని మీటర్లు అన్నది స్కెచ్ మీద అంకెల్లో ఉండాలి, రెండు శాఖల సంతకాలు, తేదీ ఉండాలి. ‘చెరువుకు సమీపంలో ఉన్నది’ అని రాసిచ్చే కాగితంతో మీకు ఒరిగేదేమీ లేదు. సమీపంలో ఉందన్న మాట మీ ఇంజినీరు ముందే చెప్పాడు కదా.

గీత తెలిశాక బఫర్ లెక్క తేలికే. 2012లో వచ్చిన బిల్డింగ్ రూల్స్, అంటే జీఓ 168 ప్రకారం ఎఫ్‌టీఎల్ లోపల ఏ కట్టడమూ కుదరదు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు బఫర్. పది హెక్టార్ల లోపు చెరువైనా, కుంటైనా 9 మీటర్లు. మన లెక్కలో పది హెక్టార్లంటే సుమారు 24 ఎకరాల 28 గుంటలు. పది మీటర్ల కన్నా వెడల్పున్న వాగు, నాలా, కాలువ పక్కన 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పున్న వాటి పక్కన 2 మీటర్లు వదలాలి. మీ చెరువులోకి నీళ్లు తెచ్చే ఒర్రె, మత్తడి దుంకాక కింది చెరువుకు నీళ్లు మోసుకుపోయే కాలువ, రెండూ ఈ లెక్కలోకి వస్తాయి. కాకతీయుల కాలం నుంచి మనవి గొలుసుకట్టు చెరువులు. చెరువుకు దూరంగా ఉన్నామని ధీమాగా ఉన్న కాలనీలు రెండు చెరువుల మధ్య కాలువ మీద కూర్చుని ఉండటం వరంగల్‌లో కొత్తేమీ కాదు.

మీ ప్లాటు మీద ఈ అంకెలు పెట్టి చూద్దాం. అరవై అడుగుల పొడవు అంటే పద్దెనిమిది మీటర్ల చిల్లర. ఎఫ్‌టీఎల్ గీత సరిగ్గా మీ వెనక హద్దు మీద పడిందనుకోండి. చెరువు 25 ఎకరాలకు పైబడినదైతే ముప్పై మీటర్ల బఫర్‌లో మీ ప్లాటంతా పోయి, ముందున్న రోడ్డు కూడా పోతుంది. చిన్న కుంటైతే 9 మీటర్లు, అంటే ముప్పై అడుగులు వెనక నుంచి వదిలేయాలి. ముందు వైపు ఇంకో ముప్పై అడుగులు మిగులుతాయి. అందులోంచి ముందు, పక్కల, వెనక సెట్‌బ్యాక్‌లు, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలు తీసేయాలి. బఫర్ కోసం వదిలిన జాగను వెనక సెట్‌బ్యాక్ కింద చూపిస్తామంటే ఒప్పుకోరు, అది వేరు, ఇది వేరు. అన్నీ పోను ఇద్దరు మనుషులకు సరిపోయే రెండు గదుల ఇల్లు పడుతుంది. పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు. వెనక మిగిలిన ముప్పై అడుగుల్లో చెట్లు పెట్టుకోవచ్చు గానీ షెడ్డు, సెప్టిక్ ట్యాంకు, పనిమనిషి గది లాంటివేవీ వద్దు. మీ ఇద్దరి కోసమే కడుతుంటే ఇది చెడ్డ బేరమేమీ కాదు. అబ్బాయి కుటుంబం కూడా అందులోనే అనుకుంటే మాత్రం ఇరుకవుతుంది, ఇప్పుడే మాట్లాడుకోండి.

చెరువు విస్తీర్ణం మీ కథలో ఇంత పని చేస్తుంది కాబట్టి, ఆర్‌టీఐలో ఆ అంకె అడగడం మరిచిపోవద్దు.

ఇక ఇల్లు కట్టడానికి అనుమతి సంగతి. మీ ప్లాటున్న ఊరు మున్సిపాలిటీలోనో గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌లోనో ఉంటే భవన అనుమతుల కోసం తెచ్చిన టీఎస్-బీపాస్ చట్టం 2020 వర్తిస్తుంది. దరఖాస్తులు ఇప్పుడు బిల్డ్‌నౌ అనే కొత్త పోర్టల్ ద్వారా తీసుకుంటున్నారు. ఊరు పంచాయతీలో ఉండి కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకి వస్తే, మాస్టర్ ప్లాన్‌లో మీ సర్వే నంబరుకు ఏ రంగు పడిందో ‘కుడా’ ఆఫీసులో అడిగి చూసుకోండి. నీటి వనరు, గ్రీన్ బఫర్ అని చూపించి ఉంటే జీఓ లెక్కలతో పని లేకుండానే ఆగిపోతుంది. భూమి ఇంకా రికార్డుల్లో వ్యవసాయ భూమిగానే ఉంటే వ్యవసాయేతర మార్పిడి, మన వాడుకలో నాలా కన్వర్షన్ (ఇది పైన చెప్పిన కాలువ నాలా కాదు), అది కూడా చేయించుకోవాలి. నాలా అయిందంటే ఇల్లు కట్టుకోవచ్చని కాదు, ఆ ప్రొసీడింగ్స్ చూపించి ప్లాట్లు అమ్మేవాళ్లున్నారు కాబట్టి చెప్తున్నాను.

75 గజాలు దాటి 500 చదరపు మీటర్ల లోపు ప్లాట్లకు సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద వెంటనే అనుమతి వస్తుంది. మీ 267 గజాలు, అంటే సుమారు 223 చదరపు మీటర్లు, ఈ కోవలోకే వస్తాయి. వివరాలు ఎక్కించి, ఫీజు కట్టి, ‘నా స్థలం చెరువు ఎఫ్‌టీఎల్‌లో లేదు, ప్రభుత్వ భూమి కాదు’ అని మీరే ప్రకటన ఇస్తే అనుమతి కాగితం చేతికొస్తుంది. ఎంత సులువో అంత ప్రమాదం. ఆ కాగితం అధికారులు మీ జాగ చూసి ఇచ్చింది కాదు, మీ మాట నమ్మి ఇచ్చింది. తర్వాత తనిఖీలో అది అబద్ధమని తేలితే అనుమతి రద్దు చేసి, నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం ఆ చట్టమే ఇచ్చింది. ‘ముందు ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకుందాం, తర్వాత చూసుకోవచ్చు’ అని ప్లాన్లు గీసే కొందరు సలహా ఇస్తారు. ప్రకటన మీద సంతకం వాళ్లది కాదు కదా. జాయింట్ సర్వే రిపోర్టు చేతిలో ఉంటే మాత్రం అదే ప్రకటన మీద నిశ్చింతగా సంతకం పెట్టొచ్చు.

అబ్బాయి గారి మొరం గురించి. ఎఫ్‌టీఎల్‌లో మట్టి పోయడమే తప్పు, నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద కూడా కేసు పెట్టొచ్చు. చట్టం సంగతి అలా ఉంచండి. మీరు నాలుగడుగులు ఎత్తు చేస్తే మీ జాగలో నిలవాల్సిన నీళ్లు పక్కింటికి పోతాయి, ఫిర్యాదు అక్కడి నుంచే వస్తుంది. ఇంకొకటి, మత్తడి దుంకుతున్నప్పుడు చెరువులో నీటి మట్టం మత్తడి కన్నా పైనే ఉంటుంది. పెద్ద వాన పడితే అది అడుగు కావచ్చు, మూడడుగులు కావచ్చు. అందుకే ఎఫ్‌టీఎల్‌కు బయట ఉన్నవాళ్లకూ వరద రాదన్న హామీ లేదు, బఫర్ పెట్టడంలో ఇదీ ఒక కారణమే. 2023 జులైలో భద్రకాళి చెరువు కట్టకు పోతన నగర్ వైపు గండి పడినప్పుడు జనం ఎంత హడలిపోయారో మీకు గుర్తుండే ఉంటుంది. 2025 అక్టోబర్ చివర మొంథా తుపాను వానలకు హనుమకొండ, వరంగల్ కాలనీల్లో మళ్లీ అదే తంతు. నీళ్లు గుమ్మంలోంచి రాకముందే బాత్రూం తూములోంచి పైకి తన్నుతాయి. అలాంటి ఇల్లు కడిగి చూసినవాళ్లకే ఆ వాసన తెలుసు. మీకు గీత బయట అనుమతి వచ్చినా సరే, ఆ వీధిలో అప్పుడు నీళ్లు ఎంతెత్తు వచ్చాయో గోడల మీద చారలు చూసి, దానికి పైన ప్లింత్ (ఇంటి గచ్చు మట్టం) పెట్టించుకోండి.

పక్కనున్న నాలుగిళ్లకు కరెంటు మీటరు, ఇంటి నంబరు ఉన్నాయి కదా అంటారు. అనుమతి లేని ఇంటికీ ఆస్తి పన్ను వేస్తారు, పైగా జరిమానాతో కలిపి వేస్తారు. పన్ను రసీదు అనుమతి పత్రం కాదు. వాళ్లు ఏ కాగితాలతో కట్టారో, ఏ ఏడాది కట్టారో, రేపు వాళ్లకు ఏమవుతుందో మనకు తెలియదు. ఆ ఇళ్లు నిలబడినా మీ ఇల్లు నిలుస్తుందని ఏ కోర్టులోనూ వాదించలేం. ‘వాళ్లు తప్పు చేశారు, నన్నూ చేయనివ్వండి’ అనే హక్కు ఎవరికీ లేదు.

మీరు చదివిన వెట్‌ల్యాండ్ రూల్స్ కేంద్రం 2017లో తెచ్చినవి. వాటి కింద నోటిఫై అయిన చిత్తడి నేలల చుట్టూ, గత పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల దాకా పడవల రేవు తప్ప పక్కా కట్టడమేదీ కుదరదు. అయితే సాగు కోసం, తాగునీటి కోసం మనుషులు తవ్వుకున్న నీటి వనరులను ఆ నిర్వచనం నుంచి తప్పించారు. మన ఊరి చెరువులు చాలావరకు ఆయకట్టు కోసం కట్టినవే. కాబట్టి మీ చెరువు ప్రత్యేకంగా నోటిఫై అయి ఉంటే తప్ప ఆ రూల్స్ గురించి దిగులు వద్దు. మీకు అడ్డొచ్చేది రాష్ట్రం పెట్టిన ఎఫ్‌టీఎల్, బఫర్ నిబంధనలే. పాకాల లాంటి అభయారణ్యం పక్కన కొన్నవాళ్ల సంగతి వేరు, అక్కడ వన్యప్రాణి చట్టం కూడా చూసుకోవాలి. ఇక చెరువు ఆక్రమణలు కూలుస్తూ టీవీల్లో రోజూ కనిపించే ప్రభుత్వ సంస్థ హైడ్రా హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పరిధి వరకే. అది మన దగ్గర లేదంటే అడిగేవాళ్లు లేరని కాదు, కలెక్టర్‌కు, మున్సిపల్ కమిషనర్‌కు, నీటిపారుదల శాఖకు ఆ అధికారాలు ముందు నుంచీ ఉన్నాయి.

మీవారి మాటకు జవాబు చెప్పడం నాకు కాస్త ఇబ్బందిగానే ఉంది. అమ్మడం మీ హక్కు, కాదనను. కానీ ఎఫ్‌టీఎల్ సందేహం తెలిసి కూడా చెప్పకుండా అమ్మితే, ఇప్పుడు ఫోన్ ఎత్తనాయన మీద మీకున్న కోపమే రేపు ఇంకొకరికి మీ మీద ఉంటుంది, కేసు కూడా అలాగే ఉంటుంది. సర్వే రిపోర్టు చూపించి, ఉన్నది ఉన్నట్టు దస్తావేజులో రాయించి అమ్మండి. ధర సగానికి పడిపోవచ్చు. పక్క రైతు పంటకు తీసుకుంటాడేమో అడిగి చూడండి.

మీకు అమ్మినాయనను మాత్రం వదలొద్దు. మీ సేల్ డీడ్ తీసి చివరి పేరాలు చదవండి. ‘ఈ ఆస్తిపై ఎలాంటి చిక్కులు వచ్చినా నా సొంత ఖర్చులతో పరిష్కరిస్తాను’ అన్న మాట దాదాపు ప్రతి దస్తావేజులోనూ ఉంటుంది. ప్లాటు పూర్తిగా ఎఫ్‌టీఎల్‌లో ఉందని తేలితే ఆ మాట మీద డబ్బు వాపసు, నష్టపరిహారం అడగొచ్చు. కొని పదేళ్లయింది కదా, గడువు దాటలేదా అని భయపడకండి. దాచిపెట్టి మోసం చేసిన కేసుల్లో లిమిటేషన్ చట్టం గడువును మోసం బయటపడిన రోజు నుంచి లెక్కిస్తుంది. సివిల్ దావాకు మామూలుగా మూడేళ్లు, వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్లు. ఆయన రోడ్లు, డ్రైనేజీ వేసిస్తానని చెప్పి వెంచర్‌గా అమ్మి ఉంటే వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది. అలాంటి ప్లాట్ల అమ్మకం సేవ కిందికే వస్తుందని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి బ్రోచర్, రసీదులు, ఫోన్‌లో మెసేజ్‌లు ఉంటే ఏవీ తీసేయకండి. సర్వే రిపోర్టు వచ్చిన తేదీ మీకు ముఖ్యమైన తేదీ అవుతుంది. దాని మీద వారంలోగా వకీలు ద్వారా లీగల్ నోటీసు పంపించండి. ఫోన్ ఎత్తనివాళ్లు కూడా రిజిస్టర్డ్ పోస్టు వస్తే కదులుతారు.

బోరు మాత్రం ఇప్పుడే వేయించకండి. దానికి వాల్టా కింద విడిగా అనుమతి కావాలి, పైగా లక్ష రూపాయలు భూమిలో పోశాక ఆ జాగను వదులుకోవడానికి మనసొప్పదు.

మాఘంలో ముహూర్తం అన్నారు. సర్వే రిపోర్టు అప్పటికి చేతికి రాకపోతే ముగ్గు పోయకండి. పంతులుగారిని వైశాఖంలో ఇంకో ముహూర్తం చూడమనండి. మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చి ఉంటే వాపసు అడగక్కర్లేదు, పని మొదలుపెట్టే తేదీ మాత్రం రాయకుండా ఆపమని చెప్పండి. ఆర్‌టీఐ దరఖాస్తు ఈ వారమే పంపండి. జవాబు వచ్చాక ఎఫ్‌టీఎల్ మ్యాపు నకలు, మీ దస్తావేజులోని హద్దుల పేజీ జతచేసి మళ్లీ రాయండి, రెండూ పక్కపక్కన పెట్టి చూసి చెప్తాను.